పేపర్ చదవడం ఎలా, జర్నల్ వద్దన్నప్పుడు ఆ ఉత్తరం చదవడం ఎలా

పీహెచ్‌డీలో చేరిన మొదటి నెలలో మా గైడ్ ఒక పరిశోధనా పేపర్ చేతిలో పెట్టి, "సోమవారానికి చదువుకుని రామ్మా" అన్నారు. పద్నాలుగు పేజీలు. శని, ఆదివారాలు రెండూ దాని మీదే కూర్చున్నాను. మొదటి వాక్యం నుంచి మొదలుపెట్టి, తెలియని ప్రతి మాటకూ డిక్షనరీ చూసి, పక్కన పెన్సిల్‌తో అర్థం రాసుకుంటూ, పసుపు మార్కర్‌తో గీతలు గీస్తూ చివరిదాకా వెళ్లాను. సోమవారం సార్ ఒకటే అడిగారు: "వీళ్లు ఏం కనుక్కున్నారు? ఒక్క వాక్యంలో చెప్పు." నోట మాట రాలేదు. వాక్యాలన్నిటికీ అర్థం తెలుసు. అవన్నీ కలిసి ఏం చెబుతున్నాయో మాత్రం తెలియలేదు.

ఇప్పుడు నా దగ్గరికి వచ్చే స్కాలర్లలో చాలామంది అలాగే చదువుతున్నారు. రెండేళ్లు గడిచి, సొంత పేపర్ రిజెక్ట్ అయినప్పుడు ఆ ఉత్తరాన్నీ అలాగే చదువుతారు. 'రిగ్రెట్' అన్న మాట దగ్గర కళ్లు ఆగిపోతాయి, కింద రెండు పేజీల్లో ఏముందో తలకెక్కదు. నా అనుభవంలో ఈ రెండూ ఒకే పని. వేరేవాళ్ల పేపర్‌ను రివ్యూయర్ (పేపర్ అచ్చుకు తగిందో లేదో చూడమని జర్నల్ అడిగే నిపుణులు) చదివినట్టు చదవడం అలవాటైతే, మీ పేపర్ మీద రివ్యూయర్ రాసిన మాటలు అంత కొత్తగా అనిపించవు. అందుకే రెండూ కలిపి చెబుతున్నాను. నాది భూగర్భ జలాల రసాయనం, ఉదాహరణలు అక్కడివే ఇస్తాను.

పేపర్ తెరవకముందు

ముందు ఒక తెల్లకాగితం మీద ఒక ప్రశ్న రాయండి: ఈ పేపర్ నుంచి నాకేం కావాలి? పద్ధతి కావాలా, ఒక అంకె కావాలా, ఈ విషయం మీద ఇంతవరకూ ఏం జరిగిందో తెలియాలా? పద్ధతి కోసం తెరిచిన పేపర్‌లో ఇంట్రడక్షన్ మీద గంట గడపడం దండగ. ప్రశ్న రాయలేకపోతే ఆ పేపర్ ఆ రోజుకు పక్కన పెట్టేయండి.

పేపర్ దొరకలేదని ముప్పై, నలభై డాలర్లు పెట్టి కొనొద్దు. గూగుల్ స్కాలర్‌లో శీర్షిక కొట్టి, కింద ఉండే 'ఆల్ వర్షన్స్' నొక్కితే చాలాసార్లు ఉచిత కాపీ ఉంటుంది. ప్రభుత్వ విద్యాసంస్థల్లో ఉన్నవాళ్లకు 2025 జనవరి నుంచి 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' అమల్లోకి వచ్చింది. 30 ప్రచురణ సంస్థలకు చెందిన దాదాపు 13 వేల జర్నళ్లు దాని కింద ఉన్నాయి. మీ లైబ్రేరియన్‌ను అడిగి లాగిన్ తీసుకోండి. లాగిన్ ఎలాగో తెలియక చాలామంది వాడుకోవడం లేదు, అది చూస్తే బాధగా ఉంటుంది. ప్రైవేటు కాలేజీలో ఉంటే రచయితకు రెండు లైన్ల మెయిల్ పెట్టండి. పేపర్ మొదటి పేజీలోనే కరెస్పాండింగ్ ఆథర్ మెయిల్ ఐడీ ఉంటుంది. తమ పేపర్ ఎవరో అడిగారంటే చాలామంది సంతోషంగానే పంపుతారు. మన దేశంలో వచ్చిన థీసిస్‌లు కావాలంటే శోధ్‌గంగ ఉంది. ఒక పేపర్‌లో ఎనిమిది లైన్లలో తేల్చేసిన పద్ధతి, అదే రచయిత థీసిస్‌లో ఎనిమిది పేజీల్లో దొరుకుతుంది.

తెరిచే ముందు ఇంకొక్క పని. ఆ పేపర్‌ను వెనక్కి తీసుకున్నారేమో చూడండి. పిల్లలకు వేసే ఎంఎంఆర్ టీకాకూ ఆటిజానికీ ముడిపెట్టిన పేపర్ 1998లో లాన్సెట్‌లో వచ్చింది. అందులో ఉన్నది 12 మంది పిల్లలు. దాన్ని వెనక్కి తీసుకున్నది 2010లో. ఆ పన్నెండేళ్లలో దాన్ని నమ్మి రాసినవాళ్లు ఎందరో. జర్నల్ సొంత పేజీలో పేపర్ తెరిస్తే 'రిట్రాక్టెడ్' అని పైనే కనిపిస్తుంది. ఎవరో వాట్సాప్‌లో పంపిన పీడీఎఫ్‌లో అది కనిపించదు.

మొదటి పది నిమిషాలు

కంప్యూటర్ సైన్స్ ప్రొఫెసర్ ఎస్. కేశవ్ 2007లో ఒక చిన్న వ్యాసం రాశారు. ఏ పేపర్‌నైనా మూడు విడతల్లో చదవమన్నది దాని సారం. మొదటి విడతకు ఐదు నుంచి పది నిమిషాలే. నేను కొద్దిగా మార్చుకుని వాడే వరుస ఇది: శీర్షిక, అబ్‌స్ట్రాక్ట్ (మొదట్లో ఉండే సారాంశం), ఇంట్రడక్షన్‌లో చివరి పేరా, ఆ తర్వాత బొమ్మలన్నీ వాటి కింద రాసిన మాటలతో సహా, చివరికి కన్‌క్లూజన్. ఇంట్రడక్షన్‌లో చివరి పేరానే ఎందుకంటే, 'మేము ఈ పని చేశాం' అని రచయితలు సూటిగా చెప్పేది ఎక్కువగా అక్కడే. పైన ఉండేదంతా ఆ మాట దగ్గరికి రావడానికి వేసుకున్న దారి.

పది నిమిషాలయ్యాక పేపర్ మూసేసి మీ సొంత మాటల్లో రాయండి. ఏం అడిగారు, ఏం చేశారు, ఏం వచ్చింది, అది నా ప్రశ్నకు పనికొస్తుందా? నాలుగు లైన్లు చాలు. తెలుగులోనే రాయండి. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లకే కాదు, అందరికీ ఈ మాట చెబుతాను. ఇంగ్లిష్‌లో రాస్తే అబ్‌స్ట్రాక్ట్‌లోని వాక్యమే చేతికి వచ్చేస్తుంది, అర్థమైందో లేదో మనకే తెలియదు. తెలుగులో చెప్పాలంటే ముందు అర్థమై తీరాలి.

ఇక్కడే పది పేపర్లలో ఆరో ఏడో పక్కకు వెళ్లిపోవాలి. పక్కన పెట్టినందుకు తప్పు చేసినట్టు అనుకోకండి. ఒక రోజులో ఇరవై పేపర్లకు మొదటి విడత పూర్తిచేసి, మూడింటిని ఎంచుకున్న స్కాలర్, ఒకే పేపర్ మీద వారం గడిపిన స్కాలర్ కంటే ఎక్కువ చదివినట్టే.

రెండో విడత: పట్టిక దగ్గర ఆగండి

ఎంచుకున్న పేపర్‌కు ఒక గంట ఇవ్వండి. ముందు బొమ్మలు, పట్టికలు. ఆ తర్వాత పద్ధతి. డిస్కషన్ చివరికి. డిస్కషన్ ముందు చదివితే రచయిత కళ్లతో పట్టికను చూస్తాం. పట్టిక ముందు చూస్తే మన కళ్లతో డిస్కషన్ చదువుతాం.

ఒక ఉదాహరణ దగ్గరగా చూద్దాం. బోరుబావుల్లో ఫ్లోరైడ్ మీద పేపర్ అనుకోండి. పట్టికలో ఒక బావి వరుసలో లీటరుకు మిల్లీగ్రాముల్లో ఇలా ఉంది: కాల్షియం 40, మెగ్నీషియం 24, సోడియం 138, బైకార్బొనేట్ 244, క్లోరైడ్ 71, సల్ఫేట్ 48, ఫ్లోరైడ్ 3.8. చాలామంది చూపు నేరుగా 3.8 మీదికి పోతుంది. బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రకారం తాగే నీళ్లలో ఫ్లోరైడ్ 1.0 లోపు ఉండాలి, వేరే నీళ్లు దొరకని చోట 1.5 దాకా సరే. ఇక్కడ దానికి రెండున్నర రెట్లు ఉంది కాబట్టి కంగారు సహజమే. కానీ ఆ అంకెను నమ్మే ముందు క్యాలిక్యులేటర్ తీయండి.

నీళ్లలో ధన అయాన్ల ఆవేశం మొత్తం, రుణ అయాన్ల ఆవేశం మొత్తం సమానంగా ఉండాలి. ప్రతి అంకెను మిల్లీ ఈక్వివలెంట్లలోకి, అంటే బరువు నుంచి ఆవేశం లెక్కలోకి మార్చండి. కాల్షియం 2, మెగ్నీషియం 2, సోడియం 6. మొత్తం 10. అటువైపు బైకార్బొనేట్ 4, క్లోరైడ్ 2, సల్ఫేట్ 1, ఫ్లోరైడ్ 0.2. మొత్తం 7.2. తేడా 2.8. దాన్ని రెండింటి మొత్తం 17.2తో భాగిస్తే 16 శాతం పైనే. మామూలుగా 5 శాతం దాకా ఒప్పుకుంటారు. అంటే ఈ వరుసలో ఏదో ఒక కొలత తప్పు. పొటాషియం, నైట్రేట్ లాంటివి పట్టికలో వదిలేశారేమో చూడాలి. అవీ లేకపోతే నా అనుమానం ముందు బైకార్బొనేట్ మీదికి పోతుంది. నమూనా తెచ్చి ల్యాబ్‌లో రోజుల తరబడి ఉంచి టైట్రేషన్ (ఆమ్లం కొద్దికొద్దిగా కలుపుతూ కొలవడం) చేస్తే ఆ అంకె మారిపోతుంది. అక్కడ 244 బదులు 366 ఉండి ఉంటే అది 6 అయ్యేది, తేడా 4 శాతానికి కాస్త పైన ఆగేది.

పది నిమిషాల పని ఇది. దీంతో మీరు ఆ పేపర్‌కు పాఠకులు కావడం మానేసి పరిశీలకులు అయ్యారు. మీ సబ్జెక్టులో ఇలాంటి ఒక లెక్క తప్పకుండా ఉంటుంది. వైద్యంలో అయితే చేర్చుకున్న రోగుల సంఖ్యకూ చివర లెక్కలోకి వచ్చిన సంఖ్యకూ తేడా. సర్వే అయితే ఎంతమందిని అడిగితే ఎంతమంది జవాబిచ్చారు. మెషిన్ లెర్నింగ్ అయితే శిక్షణకు వాడిన డేటా, పరీక్షకు వాడిన డేటా కలిసిపోయాయా. మీ గైడ్‌ను అడగండి: "సార్, మన రంగంలో పేపర్ చూడగానే మీరు ముందు సరిచూసే అంకె ఏది?" ఈ ఒక్క ప్రశ్నకు వచ్చే జవాబు ఏడాది చదువుతో సమానం.

పద్ధతి భాగాన్ని వంట చేసే విధానం చదివినట్టు చదవాలి: ఇది చేతిలో పెట్టుకుని నేను చేయగలనా? భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి 1925లో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి ప్రచురించారు. ఆ ఫిస్కే-సుబ్బారావు పద్ధతి ఇప్పటికీ బయోకెమిస్ట్రీ ల్యాబుల్లో పిల్లలు చేస్తున్నారు. ఎక్కడో ఎవరో ఆ పేపర్ తెరిచి, అందులో రాసినట్టు చేస్తే అదే నీలిరంగు వచ్చింది. అందుకే అది నిలబడింది. మీరు చదివే పేపర్‌లో ఎన్ని నమూనాలు, ఏ నెలలో, ఏ పరికరంతో, ఎన్నిసార్లు అన్నవి లేకపోతే పక్కన ప్రశ్నార్థకం పెట్టండి. రేపు మీ పేపర్ పక్కన రివ్యూయర్ పెట్టేది అదే.

ఇంగ్లిష్ క్రియలను కూడా గమనించాలి. 'సజెస్ట్స్' అంటే అలా ఉండొచ్చని. 'ఈజ్ అసోసియేటెడ్ విత్' అంటే రెండూ కలిసి కనిపించాయని, ఒకటి రెండోదానికి కారణమని కాదు. 'డెమాన్‌స్ట్రేట్స్' అంటే రుజువు చేశామని. అబ్‌స్ట్రాక్ట్‌లో 'డెమాన్‌స్ట్రేట్స్' అని, లోపల ఫలితాల్లో 'సజెస్ట్స్' అని ఉంటే, లోపలి మాటే నమ్మండి.

మూడో విడత ఏడాదికి ఐదారు పేపర్లకే. మీ థీసిస్ వేటి మీద నిలబడుతుందో వాటికి. పేపర్ మూసేసి, అదే ప్రశ్న మీకిస్తే మీరు ఎలా చేసేవారో రాసి, వాళ్లు చేసినదానితో పోల్చండి. రెండూ ఎక్కడ విడిపోయాయో అక్కడ మీకు కొత్త పని దొరుకుతుంది. నోట్సు ఎక్కడ పెట్టుకోవాలన్నది మీ ఇష్టం. పేపర్లు, నోట్సు దాచుకునే జొటేరో అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, నాకు అది చాలు.

పంపాక లోపల ఏం జరుగుతుంది

ఇక మీ పేపర్ సంగతికి వద్దాం. పంపిన మర్నాటి నుంచి రోజుకు నాలుగుసార్లు లాగిన్ అయి స్టేటస్ చూసుకునే టెన్షన్ నాకు తెలుసు. 'విత్ ఎడిటర్' అంటే ఇంకా రివ్యూయర్లకు వెళ్లలేదని, లేదా రివ్యూయర్లు దొరకలేదని. 'అండర్ రివ్యూ' అంటే బయటికి వెళ్లిందని. 'రిక్వయర్డ్ రివ్యూస్ కంప్లీటెడ్' అంటే నివేదికలు వచ్చాయి, ఎడిటర్ నిర్ణయం తీసుకోవాలి. తేదీ మారినంత మాత్రాన అర్థాలు వెతకొద్దు. మూడు నెలలు దాటినా 'అండర్ రివ్యూ' దగ్గరే ఉంటే ఎడిటర్‌కు మర్యాదగా ఒక మెయిల్ పెట్టొచ్చు, అందులో తప్పేం లేదు.

వారం, పది రోజుల్లో వద్దని వస్తే అది డెస్క్ రిజెక్షన్. రివ్యూయర్ల దాకా వెళ్లకుండా ఎడిటరే తిప్పి పంపారు. దీనికి కారణాలు కొన్నే. జర్నల్ పరిధిలోకి రాకపోవడం అన్నిటికన్నా మామూలు కారణం. ఆ జర్నల్ గత రెండేళ్ల సంచికలు తిరగేసి ఉంటే ముందే తెలిసేది. రెండోది, కొత్తదనం కనిపించకపోవడం. మూడోది, పోలిక శాతం, అంటే మీ వాక్యాలు ఇప్పటికే అచ్చయిన రాతలతో ఎంత కలుస్తున్నాయన్నది. ఇక్కడ మన స్కాలర్లలో ఒక అపోహ ఉంది. యూజీసీ 2018 నిబంధనల్లో 10 శాతం దాకా పోలికకు శిక్ష లేదు కాబట్టి 9 శాతం వస్తే చాలనుకుంటారు. అది యూనివర్సిటీ లెక్క. ఆ 9 శాతమూ ఒకే పేరాలో ఒకే పేపర్ నుంచి వచ్చి ఉంటే ఎడిటర్ అక్కడే ఆపేస్తారు.

డెస్క్ రిజెక్షన్ మీ పని మీద తీర్పు కాదు. ఆ ఎడిటర్ మీ పట్టికలను సరిచూసి ఉండకపోవచ్చు. మీ శీర్షిక, అబ్‌స్ట్రాక్ట్, కవరింగ్ లెటర్ చూశారు. మీరు వేరేవాళ్ల పేపర్‌కు ఇచ్చే ఆ మొదటి పది నిమిషాలే మీ పేపర్‌కూ దక్కాయి. దిద్దాల్సింది కూడా ముందు ఆ మూడింటినే.

ఇంకో విషయం గట్టిగా చెప్పాలి. 'మేజర్ రివిజన్' రిజెక్షన్ కాదు. ఉత్తరంలో 'ప్రస్తుత రూపంలో ప్రచురించలేం' అని ఉంటుంది, అది చూసి గుండె జారిపోయి పేపర్ వెనక్కి తీసుకున్న అమ్మాయి ఒకరు నాకు తెలుసు. కింద 60 రోజుల గడువు ఇచ్చారు, అది చూడలేదు. తిరిగి పంపడానికి తేదీ ఇచ్చారంటే తలుపు తెరిచే ఉంది. 'రిజెక్ట్ అండ్ రీసబ్మిట్' అంటే కొత్త పేపర్‌గా పంపమని. 'ట్రాన్స్‌ఫర్' అంటే అదే సంస్థకు చెందిన వేరే జర్నల్‌కు మార్చుకోమని. మార్చుకునే ముందు ఆ జర్నల్ ఫీజు ఎంతో చూడండి, అక్కడ లక్షల్లో ఉండొచ్చు.

నాకు వచ్చిన ఉత్తరం

నా మొదటి పేపర్ కనిగిరి చుట్టుపక్కల ఊళ్లలో 42 బోరుబావుల నీళ్ల మీద. వేసవిలో ఒకసారి నమూనాలు తీశాం. ఐదు నెలలు ఎదురుచూశాక ఒక సాయంత్రం హాస్టల్ మెస్‌లో ఉండగా ఫోన్‌లో మెయిల్ వచ్చింది. రిజెక్టెడ్. ప్లేటు అక్కడే పెట్టి గదికి వెళ్లిపోయాను. సార్‌కు ఫోన్ చేస్తే, "ఈ రోజు దాన్ని ముట్టుకోవద్దమ్మా. ఎల్లుండి ప్రింట్ తీసుకుని రా, ఇద్దరం కూర్చుందాం" అన్నారు. ఆ రెండు రోజుల ఎడం ఎంత అవసరమో తర్వాత అర్థమైంది. మీరూ ఆ రెండు రోజులు తీసుకోండి. ఆ కోపంలో ఎడిటర్‌కు జవాబు మాత్రం రాయొద్దు.

మూడో రోజు సార్ ఒక లాంగ్ నోట్‌బుక్‌లో మూడు గళ్లు గీశారు. 'నిజం', 'మనం సరిగా చెప్పలేదు', 'ఒప్పుకోం'. ఇద్దరు రివ్యూయర్లు కలిపి తొమ్మిది అభ్యంతరాలు రాశారు. ఒక్కొక్కటీ పైకి చదివి ఏదో ఒక గడిలో వేశాం.

ఐదు 'నిజం' గడిలోకి వెళ్లాయి. మొదటి రివ్యూయర్ మాట ఇంకా గుర్తుంది. ఈ ప్రాంతంలో ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు పాడయ్యే జబ్బు) ఉందని 1937 నుంచి తెలుసు, ఈ పేపర్ కొత్తగా ఏం చెబుతోంది అని. నిజమే. దేశంలో ఫ్లోరోసిస్ గురించిన తొలి నివేదికలు 1937లో అప్పటి నెల్లూరు జిల్లా నుంచే వచ్చాయి, కనిగిరి అప్పుడు ఆ జిల్లాలోనే ఉండేది. మా పేపర్ 'ఇక్కడ ఫ్లోరైడ్ ఎక్కువ' అని చెప్పి ఆగిపోయింది. రెండో రివ్యూయర్ ఇందాక మీకు చూపించిన లెక్కే వేశారు. ఆరు బావుల్లో తేడా 10 శాతం దాటింది. మేము బైకార్బొనేట్ టైట్రేషన్ బావి దగ్గర చేయలేదు, ల్యాబ్‌లో నాలుగు రోజుల తర్వాత చేశాం.

మూడు 'మనం సరిగా చెప్పలేదు' గడిలోకి వెళ్లాయి. బావుల లోతు ఇవ్వలేదన్నారు. ఇచ్చాం, కానీ అనుబంధ ఫైల్‌లో ఎక్కడో ఉంది. "ఆయన చూసుకోలేదు సార్" అన్నాను. "ఆయనకు కనబడేలా మనం పెట్టలేదమ్మా. రేపు చదివేవాళ్లకూ కనబడదు" అన్నారు. లోతును పద్ధతి భాగంలోకి తెచ్చాం. ఈ గడి చాలా విలువైనది. రివ్యూయర్ అపార్థం చేసుకున్న ప్రతి చోటా ఒక వాక్యం మరమ్మతు కావాలి.

ఒకటే 'ఒప్పుకోం' గడిలో మిగిలింది. ఆరోగ్య ముప్పు సూచీ లెక్కగట్టమన్నారు. ఆ ఊళ్లలో మనిషి రోజుకు ఎన్ని నీళ్లు తాగుతారో మా దగ్గర కొలత లేదు, ఊహించి లెక్క వేయడం మాకు ఇష్టం లేదు. తర్వాతి పేపర్‌లో ఆ మాటే రాశాం.

ఆరు బావుల దగ్గరికి మళ్లీ వెళ్లి అక్కడికక్కడే టైట్రేషన్ చేశాం. వానల తర్వాత 42 బావుల్లోనూ ఇంకోసారి నమూనాలు తీశాం. అన్నిటికన్నా పెద్ద మార్పు ప్రశ్నలో. రెండు వందల మీటర్ల దూరంలో ఉన్న రెండు బావుల్లో ఒకదానిలో 0.8, ఇంకోదానిలో 4 ఎందుకుంది? కాల్షియం తక్కువగా, సోడియం, బైకార్బొనేట్ ఎక్కువగా ఉన్న చోట ఫ్లోరైడ్ నీళ్లలో నిలబడుతోంది. కాల్షియం ఎక్కువుంటే అది ఫ్లోరైడ్‌ను పట్టుకుని కాల్షియం ఫ్లోరైడ్‌గా అడుగుకు చేరుతుంది. ఈ ప్రశ్న పెట్టుకున్నాక అవే 42 బావులు వేరే కథ చెప్పాయి. వేరే జర్నల్‌కు పంపాం, మేజర్ రివిజన్ వచ్చింది, ఆ తర్వాత తీసుకున్నారు. మొదటిసారి పంపినప్పటి నుంచి 17 నెలలు.

జవాబు రాసేటప్పుడు

రివిజన్ వస్తే ప్రతి అభ్యంతరాన్నీ ఉన్నదున్నట్టు పేస్ట్ చేసి, దాని కింద మీ జవాబు, మార్చిన వాక్యం, పేజీ, లైన్ నంబరు ఇవ్వండి. 'దిద్దాం' అని ఒక్క మాట రాసి వదిలేయొద్దు. ఒప్పుకోని చోట కారణం, ఆధారం ఇచ్చి మర్యాదగా నిలబడండి. అన్నిటికీ తలూపితే పేపర్ మీది కాకుండా పోతుంది.

ఎక్కడ తగ్గాలి, ఎక్కడ తగ్గకూడదు అన్నదానికి అమెరికా శాస్త్రవేత్త రోజాలిన్ యాలో ఉదంతం నాకు ఇష్టం. ఇన్సులిన్ వేసుకునే రోగుల రక్తంలో దానికి వ్యతిరేకంగా యాంటీబాడీలు తయారవుతాయని ఆమె, ఆమె సహ పరిశోధకుడు బెర్సన్ కనుగొన్నారు. 1955లో ఆ పేపర్‌ను సైన్స్ పత్రిక తిప్పి పంపింది, రెండో జర్నల్ కూడా మొదట వద్దంది. ఇన్సులిన్ అంత చిన్న ప్రోటీన్‌కు యాంటీబాడీ రాదని అప్పటి నమ్మకం. చివరికి శీర్షికలో 'ఇన్సులిన్ యాంటీబాడీ' అన్న మాట తీసేసి 'ఇన్సులిన్‌ను పట్టుకునే గ్లోబ్యులిన్' అని మార్చారు, 1956లో అచ్చయింది. ఒక మాట వదులుకున్నారు, ఒక్క ఫలితం వదులుకోలేదు. 1977లో నోబెల్ తీసుకున్నప్పుడు ఆ రెండో జర్నల్ తిరస్కరణ ఉత్తరాన్ని తన ఉపన్యాసంలో పెట్టారు.

భౌతిక శాస్త్రవేత్త పీటర్ హిగ్స్ ఉదంతం ఇంకో రకం. 1964లో ఫిజిక్స్ లెటర్స్ ఆయన రెండో పేపర్‌ను తిప్పి పంపింది. ఆయన దానికి కొంత చేర్చారు, ఈ సిద్ధాంతం నిజమైతే ఒక కొత్త కణం ఉండాలని. తర్వాత ఫిజికల్ రివ్యూ లెటర్స్‌కు పంపారు. ఈ రోజు ఆయన పేరుతో పిలిచే కణం గురించిన మాట ఆ చేర్పులోనే ఉంది.

కొంత అదృష్టం కూడా ఉందని తెలుసుకోవడం మంచిది. 2014లో న్యూరిప్స్ అనే మెషిన్ లెర్నింగ్ సమావేశం వాళ్లు 166 పేపర్లను రెండు వేర్వేరు కమిటీలకు ఇచ్చి చూశారు. 43 పేపర్ల విషయంలో ఒక కమిటీ ఔనంటే ఇంకోటి కాదంది. అందుకని అప్పీలు చేయాలని కాదు. రివ్యూయర్ చేసిన తప్పు కాగితం మీద చూపించగలిగితేనే అప్పీలు చేయండి. లేకపోతే ఆ సమయం తర్వాతి జర్నల్‌కు పెట్టండి. ఏమీ దిద్దకుండా పంపొద్దు. చిన్న రంగాల్లో అదే రివ్యూయర్‌కు మళ్లీ వెళుతుంది. ఒకేసారి రెండు జర్నళ్లకు పంపడం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు.

రిజెక్షన్ తర్వాత వచ్చే తీపి మెయిళ్లు

మనసు విరిగి ఉన్న ఆ వారంలోనే 'గౌరవనీయ ప్రొఫెసర్ గారికి' అంటూ మెయిళ్లు వస్తాయి. మూడు రోజుల్లో అంగీకారం, వారంలో అచ్చు, కొంచెం ఫీజు. వెళ్లొద్దు. హైదరాబాద్ కేంద్రంగా ఇలాంటి జర్నళ్లు నడిపిన ఒక సంస్థ, సరైన రివ్యూ లేకుండానే ఉన్నట్టు చెప్పి, ఫీజుల సంగతి దాచి మోసం చేసిందని అమెరికా ఫెడరల్ కోర్టు 2019లో తేల్చి, 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమంది. అలాంటి చోట అచ్చయిన పేపర్‌ను మళ్లీ మంచి జర్నల్‌కు ఇవ్వలేరు. అదే అసలు నష్టం.

స్కోపస్‌లో (జర్నళ్లను ఎంపిక చేసి నమోదు చేసే డేటాబేస్) ఉందని వాళ్ల వెబ్‌సైట్ చెబితే చాలదు, స్కోపస్ సోర్స్ జాబితాలో మీరే ఐఎస్ఎస్ఎన్ (జర్నల్ గుర్తింపు సంఖ్య) కొట్టి చూడండి. పాత జర్నల్ పేరుతో నకిలీ వెబ్‌సైట్లు కూడా ఉన్నాయి, కాబట్టి ఆ జాబితా నుంచే అసలు సైట్‌కు వెళ్లండి. యూజీసీ గుర్తించిన జర్నళ్ల జాబితా, కేర్ లిస్ట్, 2025లో రద్దయింది, ఇంకా 'కేర్ లిస్టెడ్' అని ప్రకటించుకుంటున్నవాటిని ఆ మాట మీద నమ్మొద్దు. థీసిస్ ఇవ్వడానికి పేపర్ తప్పనిసరి అన్న నియమాన్ని యూజీసీ 2022లో తీసేసింది. అయినా చాలా యూనివర్సిటీలు తమ నియమాలు ఉంచుకున్నాయి. మీ యూనివర్సిటీ ఆర్డినెన్స్ కాపీ తీసుకుని మీరే చదవండి, సీనియర్లు చెప్పింది విని కంగారుపడి డబ్బు కట్టకండి.

పేపర్ పంపే రోజునే మూడు జర్నళ్ల పేర్లు వరుసగా రాసి గైడ్‌తో సంతకం పెట్టించుకోమని నా స్కాలర్లకు చెబుతాను. మొదటిది వద్దంటే రెండోదానికి ఎప్పటికి పంపాలో తేదీ కూడా అందులోనే. ఇంట్లో అమ్మానాన్నలు "పేపర్ ఏమైందమ్మా?" అని అడిగినప్పుడు చెప్పడానికి ఆ తేదీ ఉంటుంది.

నా ఆ మొదటి ఉత్తరం, దానితో పాటు తిరిగొచ్చిన పేపర్ ఇంకా నా దగ్గర ఉన్నాయి. కొత్త స్కాలర్ చేరగానే ముందు పేపర్ ఒక్కటే ఇచ్చి, మీరే రివ్యూయర్ అయితే ఏం అడుగుతారో రాసుకురమ్మంటాను. వారం తర్వాత ఉత్తరం ఇస్తాను. మీ సీనియర్లలో ఎవరినైనా అడిగి అలాంటి జత ఒకటి సంపాదించండి. ఉత్తరం కవర్లోనే ఉంచి, పట్టిక నుంచి మొదలుపెట్టండి.